కిలోమీటరు రైలు పట్టా వెనుక ఎంత కొండ, ఎంత నీరు?

పర్యావరణ భారాన్ని కొలిచే ‘పాదముద్ర’ లెక్కల్లో అంకె ఎంత ముఖ్యమో, గీత ఎక్కడ గీశారన్నదీ అంతే ముఖ్యం. భిలాయ్ ఉక్కు ఇందుకు మంచి ఉదాహరణ.

భారతీయ రైల్వేలు ప్రధాన మార్గాల్లో వాడుతున్న పట్టా మీటరుకు సుమారు 60 కిలోలు తూగుతుంది. లైనుకు రెండు పట్టాలు. అంటే కిలోమీటరు లైను వేయాలంటే 120 టన్నుల ఉక్కు కావాలి. వరల్డ్ స్టీల్ అసోసియేషన్ సగటుల ప్రకారం బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతిలో టన్ను ఉక్కు తయారీకి దాదాపు 1.37 టన్నుల ఇనుప ఖనిజం, 0.78 టన్నుల బొగ్గు, 0.27 టన్నుల సున్నపురాయి పడతాయి. తరుగును పక్కన పెట్టి లెక్కేసినా ఆ కిలోమీటరు కోసం 164 టన్నుల ఖనిజం తవ్వాలి, 94 టన్నుల బొగ్గు మండించాలి, 32 టన్నుల సున్నపురాయి కొలిమిలో వేయాలి. కేంద్ర ఉక్కు శాఖ చెబుతున్న దేశ సగటు, టన్ను ఉక్కుకు 2.54 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఆ ప్రకారం కిలోమీటరు పట్టాల పేరున 305 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.

రైలెక్కిన ప్రయాణికుడికి ఇవేవీ కనిపించవు. ఒక వస్తువు వెనుక దాగిన ఈ భారాన్ని అంకెల్లోకి తేవడానికి శాస్త్రవేత్తలు వాడుతున్న కొలమానమే ‘ఫుట్‌ప్రింట్’, అంటే పాదముద్ర. కంపెనీల వార్షిక నివేదికల్లో, ప్రభుత్వ విధానాల్లో, ఎగుమతి సుంకాల్లో ఇప్పుడు ఈ మాట తరచూ వినిపిస్తోంది. దేశంలో రైలు పట్టాల తయారీకి దశాబ్దాలుగా పేరుమోసిన భిలాయ్‌ని దగ్గరగా చూస్తే ఈ కొలత ఏం చెబుతుందో, ఏం చెప్పకుండా వదిలేస్తుందో తేటతెల్లమవుతుంది.

ఒక మాట, నాలుగు కొలతలు

పాదముద్ర అనే ఆలోచనకు మూలం కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం. 1990ల తొలినాళ్లలో అక్కడి ఆచార్యుడు విలియం రీస్, ఆయన విద్యార్థి మాథిస్ వాకర్‌నాగెల్ ఒక ప్రశ్న వేశారు. ఒక నగరం తినే తిండికి, కాల్చే ఇంధనానికి, వదిలే వ్యర్థాలకు ఎంత నేల కావాలి? నగర సరిహద్దులోని నేల కాదు, దాన్ని నిలబెడుతున్న మొత్తం నేల ఎంత? ఆ జవాబును హెక్టార్లలో చెప్పేదే పర్యావరణ పాదముద్ర.

2002లో నెదర్లాండ్స్ పరిశోధకుడు ఆర్యెన్ హూక్‌స్ట్రా ఇదే ఆలోచనను నీటికి వర్తింపజేశారు. జల పాదముద్రలో మూడు రంగులుంటాయి. నేలలో ఇంకి పంటకు అందే వాన నీరు ఆకుపచ్చ. నదులు, చెరువులు, భూగర్భం నుంచి తోడి వాడేసిన నీరు నీలం. వదిలిన కాలుష్యాన్ని పలచబరచడానికి ఎంత మంచినీరు కావాలో చెప్పే లెక్క బూడిద రంగు. కార్బన్ పాదముద్రలో గ్రీన్‌హౌస్ వాయువులన్నిటినీ కార్బన్ డయాక్సైడ్ సమానంలోకి మార్చి కూడతారు. ఒక దేశం తన వినియోగం కోసం ప్రపంచంలో ఎక్కడెక్కడ ఎంత రాయి, ఖనిజం, ఇంధనం, కలప తవ్వించిందో, నరికించిందో చెప్పేది పదార్థ పాదముద్ర. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల సూచికల్లో దీనికీ చోటు దక్కింది.

ఈ నాలుగింటికీ మూలసూత్రం ఒక్కటే. వస్తువు ఎక్కడ తయారైందన్న దగ్గరే ఆగకుండా, దాని కోసం ఎక్కడెక్కడి వనరులు ఖర్చయ్యాయో వెనక్కి నడిచి చూడాలి. ఎంత దూరం నడవాలన్న దగ్గరే తేడాలన్నీ మొదలవుతాయి.

భిలాయ్ నుంచి వెనక్కి నడిస్తే

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయ్ ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం 1980ల చివరికి 40 లక్షల టన్నులకు, తాజా విస్తరణతో 70 లక్షల టన్నుల స్థాయికి పెరిగింది. దాని చుట్టూ సెక్టార్ల వారీగా కట్టిన పట్టణంలో దేశం నలుమూలల నుంచి వచ్చిన కుటుంబాలు స్థిరపడ్డాయి. వాటిలో తెలుగు కుటుంబాలూ పెద్ద సంఖ్యలోనే ఉన్నాయి.

కర్మాగారానికి దక్షిణాన 90 కిలోమీటర్ల దూరంలో, ఇప్పటి బాలోద్ జిల్లాలోని దల్లీ రాజహరా గనుల నుంచి ఇనుప ఖనిజం వస్తుంది. సున్నపురాయి దగ్గర్లోని నందిని గనులది, డోలమైట్ బిలాస్‌పూర్ వైపున్న హిర్రీ గనులది. తాండులా జలాశయం నుంచి, మహానది మీద ధమ్తరీ దగ్గర కట్టిన గంగ్రేల్ జలాశయం నుంచి నీరు అందుతుంది. దేశంలో నాణ్యమైన కోకింగ్ బొగ్గు తక్కువ. ఉక్కు పరిశ్రమ తన అవసరంలో అత్యధిక భాగాన్ని, ముఖ్యంగా ఆస్ట్రేలియా నుంచి, దిగుమతి చేసుకుంటుంది. భిలాయ్‌కి వెళ్లే దిగుమతి బొగ్గు విశాఖ తీరంలో దిగి, అక్కడి నుంచి ఐదు వందల కిలోమీటర్లకు పైగా రైలు వ్యాగన్లలో ప్రయాణిస్తుంది.

అంటే భిలాయ్‌లో తయారయ్యే పట్టా పాదముద్ర భిలాయ్ గోడల లోపలే ఉండదు. దల్లీ రాజహరా కొండలో కొంత ఉంది. బాలోద్ రైతు ఎదురుచూసే కాలువ నీటిలో కొంత, ఆస్ట్రేలియా గనిలో కొంత, బొగ్గు ధూళి గురించి ఏళ్ల తరబడి మొర పెట్టుకుంటున్న విశాఖ పోర్టు పరిసరాల ప్రజల ఇళ్లలో కొంత ఉంది.

గీత ఎక్కడ గీస్తారు?

ఇంత పొడవైన గొలుసును లెక్కగట్టడానికి కార్బన్ లెక్కల్లో మూడు ‘స్కోప్’లుగా విడగొడతారు. కర్మాగారం తన కొలిముల్లో స్వయంగా వదిలేది స్కోప్ 1. కొనుక్కున్న విద్యుత్తు వల్ల కలిగేది స్కోప్ 2. గని, ఓడ, రైలు, చివరికి వస్తువు వాడకం, అంటే మిగిలినదంతా స్కోప్ 3.

చెప్పినంత తేలిక కాదిది. భిలాయ్‌లో ఉక్కు కర్మాగారంతో పాటే 500 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. అది స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా (సెయిల్), ఎన్టీపీసీ సగం సగం వాటాలతో పెట్టిన వేరే కంపెనీది. ఉక్కు కర్మాగారం ఆ కరెంటును వాడుకున్నా కేంద్రం యాజమాన్యం వేరు కాబట్టి ఆ పొగ స్కోప్ 1 నుంచి స్కోప్ 2కి మారుతుంది. గాలిలో తేడా ఏమీ ఉండదు, కాగితం మీద గడి మారుతుంది. స్కోప్ 1 అంకె ఒక్కటే చూపించి ‘మా ఉద్గారాలు ఇంతే’ అని ఏ కంపెనీ చెప్పినా జాగ్రత్త పడాల్సింది ఇందుకే.

కేంద్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో విడుదల చేసిన ‘గ్రీన్ స్టీల్’ వర్గీకరణలోనూ ఈ గీత ఉంది. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల కంటే తక్కువ ఉద్గారాలుంటేనే అది గ్రీన్ స్టీల్. 1.6 కంటే తక్కువైతే ఐదు నక్షత్రాలు, 1.6 నుంచి 2.0 వరకు నాలుగు, 2.0 నుంచి 2.2 వరకు మూడు. ప్రపంచ సగటు దాదాపు 1.9 కాగా దేశ సగటు 2.54గా ఉన్న స్థితిలో ఇది మంచి మొదటి మెట్టు. కొలిమి, కరెంటు, కోక్ తయారీ, ఖనిజాన్ని శుద్ధి చేసి గుళికలుగా మార్చడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. కానీ గని తవ్వకం రాదు. రవాణా కూడా రాదు.

ఇలా వదిలేయడానికి కారణం లేకపోలేదు. ఉక్కు ఉద్గారాల్లో సింహభాగం కొలిమిదే. గనుల లెక్కలు కచ్చితంగా దొరకడం కష్టం. అందరికీ ఒకే గీత ఉంటేనే కర్మాగారాలను పోల్చగలం. అయితే దీని పర్యవసానం కూడా తెలిసి ఉండాలి. ఖనిజాన్ని 90 కిలోమీటర్ల నుంచి తెచ్చుకునే కర్మాగారానికీ, వందల కిలోమీటర్ల నుంచి తెచ్చుకునే కర్మాగారానికీ ఈ అంశంలో నక్షత్రాలు మారవు. సొంత ఇనుప గనులు లేని విశాఖ ఉక్కు, బస్తర్‌లోని బైలదిల్లా కొండల ఖనిజాన్ని కొత్తవలస-కిరండోల్ మార్గం గుండా తూర్పు కనుమలు దాటించి తెచ్చుకుంటూ వచ్చింది. ఆ దూరం ధరలో కనిపిస్తుంది, నక్షత్రాల్లో కనిపించదు.

కిలో బియ్యానికి 2,500 లీటర్లు, కిలో ఉక్కుకు 5

పాదముద్రను తప్పుగా చదివితే ఎంత ప్రమాదమో నీటి లెక్క చెబుతుంది. సమీకృత ఉక్కు కర్మాగారాల కోసం కేంద్ర పర్యావరణ శాఖ 2003లో తెచ్చిన చార్టర్ ప్రకారం, పట్టాలు, కమ్మీల వంటి పొడవాటి ఉత్పత్తుల తయారీలో టన్నుకు 5 ఘనపు మీటర్లకు మించి నీరు వాడకూడదు. అంటే కిలోకు 5 లీటర్లు. కిలో బియ్యం సగటు జల పాదముద్ర దాదాపు 2,500 లీటర్లు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే ఉక్కు సాధువులా, వరి దోషిలా కనిపిస్తుంది. చార్టర్ పరిమితి మేరకు కిలోమీటరు పట్టాలకు కర్మాగారం వాడేది 6 లక్షల లీటర్లు. పది పాతిక కిలోల బస్తాల బియ్యం పాదముద్ర కూడా ఇంచుమించు అంతే. ‘ధాన్ కా కటోరా’, అంటే ధాన్యపు గిన్నెగా పేరున్న ఛత్తీస్‌గఢ్‌లో ఈ పోలికను పట్టుకుని నీరు పొలానికి కాకుండా కర్మాగారానికి ఇవ్వడమే లాభమని వాదించడం తేలిక.

ఆ వాదనలో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది, బియ్యం లెక్కలో పొలంలో పడ్డ వాన నీరు కూడా ఉంది. వానాకాలం పంటలో అది పెద్ద భాగం. ఆ నీటిని పైపు వేసి కర్మాగారానికి మళ్లించలేం. ఉక్కు లెక్కలోని 5 లీటర్లు జలాశయం నుంచి తోడిన నీలం నీరు మాత్రమే. గనిలో, బొగ్గు వాషరీలో, విద్యుత్ కేంద్రంలో ఖర్చైనది అందులో లేదు. ఒక పక్క మొత్తం గొలుసును, మరో పక్క ఒక గుమ్మాన్ని పోల్చడం త్రాసులో రెండు రకాల తూకపు రాళ్లు వేయడమే.

రెండోది, నీటికి చోటూ కాలమూ ఉంటాయి. టన్ను కార్బన్ డయాక్సైడ్ భిలాయ్‌లో వెలువడినా బెర్లిన్‌లో వెలువడినా భూమి వేడెక్కడంలో తేడా లేదు. నీరు అలా కాదు. ఆగస్టులో తాండులా నిండి పొర్లుతున్నప్పుడు తోడిన లక్ష లీటర్లు, వానలు మొహం చాటేసిన ఏడాది మే నెలలో తోడిన లక్ష లీటర్లు ఒకటి కావు. బ్రిటిష్ కాలంలో తాండులాను కట్టింది సాగునీటికి. ఇప్పుడు అదే జలాశయం మీద పొలాలు, పరిశ్రమ, పట్టణం ఆధారపడుతున్నాయి. కరువు ఏడాదిలో ‘టన్నుకు ఎన్ని ఘనపు మీటర్లు’ అన్న అంకె ఏ మాత్రం మారకపోయినా ఆ నీటి వల్ల కలిగే కష్టం రెట్టింపవుతుంది.

ఇక్కడ మరో మెలిక ఉంది. టన్నుకు నీరు తగ్గినా టన్నులు పెరిగితే మొత్తం వాడకం పెరగవచ్చు. టన్నుకు 20 శాతం పొదుపు చేసిన కర్మాగారం ఉత్పత్తిని 75 శాతం పెంచితే జలాశయం మీద భారం 40 శాతం పెరుగుతుంది. నది చూసేది మొత్తాన్నే, సగటును కాదు. మహానది నీటిపై ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మధ్య వివాదం ముదిరి 2018లో ట్రిబ్యునల్ ఏర్పాటైంది. తాండులా నీరు శివనాథ్ మీదుగా చివరికి చేరేది ఆ మహానదికే.

స్లాగ్ ఎవరి ఖాతాలో?

బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి ఇనుముతో పాటు స్లాగ్ కూడా వస్తుంది. ఒకప్పుడు గుట్టలుగా పోసిన ఈ వ్యర్థాన్ని నీటితో చల్లబరిచి, మెత్తగా దంచి సిమెంటులో కలుపుతున్నారు. భిలాయ్ పక్కనే జాముల్‌లో సిమెంటు కర్మాగారం వెలసినదీ ఈ ముడిసరుకును చూసే. స్లాగ్ కలిపిన మేరకు సిమెంటుకు క్లింకర్ తక్కువ పడుతుంది. సున్నపురాయి తవ్వకమూ ఉద్గారాలూ తగ్గుతాయి. ఇది నిజమైన మేలు.

ఆ మేలు ఎవరి ఖాతాలో పడాలన్నదే ప్రశ్న. ‘మా స్లాగ్ వల్ల సిమెంటు ఉద్గారాలు తగ్గాయి’ అని ఉక్కు సంస్థ తన పాదముద్రలో కొంత తీసేసుకోవచ్చు. ‘మేం వ్యర్థాన్ని వాడాం, దాని భారం మాది కాదు’ అని సిమెంటు సంస్థ సున్నా రాసుకోవచ్చు. ఇద్దరూ అలా చేస్తే ఒకే పొదుపును రెండుసార్లు లెక్కించినట్టే. రెండు నివేదికలూ విడివిడిగా నిబంధనల ప్రకారమే ఉంటాయి, కలిపి చూస్తే మాత్రం లెక్క తప్పుతుంది. అందుకే పాదముద్ర నివేదికలో ఉప ఉత్పత్తులను ఎలా పంచారన్న చిన్న అక్షరాల పేరా పెద్ద అక్షరాల అంకె కంటే ఎక్కువ చెబుతుంది.

హెక్టారులో పట్టని అడవి

దల్లీ రాజహరాలో మేలిరకం నిల్వలు తరిగిపోతుండటంతో భిలాయ్ భవిష్యత్తు రావ్‌ఘాట్ మీద ఆధారపడింది. కాంకేర్, నారాయణపూర్ జిల్లాల్లో, అబూజ్‌మాడ్ అంచున ఉన్న కొండలవి. అక్కడి ఖనిజం కోసం దల్లీ రాజహరా నుంచి 95 కిలోమీటర్ల రైలు మార్గం చేపట్టారు. అడవి మీద, కొండ మీద ఉన్న దేవతల మీద తమ హక్కుల గురించి అక్కడి ఆదివాసీ గ్రామాలు అభ్యంతరాలు లేవనెత్తాయి.

పర్యావరణ పాదముద్రలో రావ్‌ఘాట్ ఎన్నో కొన్ని హెక్టార్లు. ఆ హెక్టారులో ఎన్ని రకాల చెట్లున్నాయి, ఇప్పపువ్వు ఎవరు ఏరుకుంటారు, ఏ వాగు అక్కడ పుడుతుంది అన్నది అందులో ఉండదు. హెక్టారుకు హెక్టారు చొప్పున వేరేచోట మొక్కలు నాటితే లెక్క సరిపోతుంది. కానీ ఆ వాగు తిరిగి రాదు. అడుగుజాడను కొలిచి మనిషి బరువు అంచనా వేయవచ్చు, ఏ మొక్కను తొక్కాడో మాత్రం చెప్పలేం.

పనిచేసే మనుషుల సంగతీ అంతే. 2014 జూన్‌లో భిలాయ్ కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు చనిపోయారు. 2018 అక్టోబరులో కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను దగ్గర మంటలు చెలరేగి పది మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కార్బన్ పాదముద్రలో ఆ ప్రాణాల లెక్క ఉండదు. దీన్ని ఆ కొలత లోపం అనలేం, దాని పని అది కాదు. అందుకే కార్బన్ అంకె తగ్గిందంటే కర్మాగారం అన్ని విధాలా మెరుగుపడిందని అర్థం చేసుకోకూడదు.

తిలాపాపం తలా పిడికెడు

పట్టా పాదముద్ర ఎవరిది? తయారు చేసిన భిలాయ్‌దా, వేసిన రైల్వేదా, ఆ రైల్లో తిరిగే ప్రయాణికులదా? తయారీదారు మీద వేస్తే దుర్గ్ జిల్లా దేశంలోని పెద్ద కాలుష్య కేంద్రాల్లో ఒకటిగా కనిపిస్తుంది, ఆ ఉక్కును వాడుకున్న మహానగరాలు శుభ్రంగా కనిపిస్తాయి. వినియోగదారు మీద వేస్తే భారం సమంగా పంచుకున్నట్టు ఉంటుంది గానీ కొలిమిని మార్చగల శక్తి ప్రయాణికుడికి లేదు. ‘కార్బన్ ఫుట్‌ప్రింట్’ అనే మాటను సామాన్యుల నోట నానేలా చేసిన వాటిలో 2000ల మధ్యలో చమురు కంపెనీ బీపీ నడిపిన ప్రకటనలు ముందుంటాయన్నది గుర్తుపెట్టుకోదగ్గ సంగతి. ‘నీ పాదముద్ర ఎంత?’ అని వినియోగదారుణ్ని అడగడం చమురు అమ్మేవారికి సౌకర్యమే.

భారతదేశ తలసరి ఉక్కు వినియోగం సుమారు 100 కిలోలు. ప్రపంచ సగటు అంతకు రెట్టింపు పైమాటే. ఇంకా వేయాల్సిన పట్టాలు, కట్టాల్సిన వంతెనలు చాలా ఉన్నాయి. రోడ్డు మీద వెళ్లే సరుకు రైలు మీదికి మారితే పట్టా తన 305 టన్నుల భారాన్ని కొంత కాలానికి తీర్చేయనూ గలదు. అరిగిన పట్టా కూడా వృథా పోదు. తుక్కును విద్యుత్ కొలిమిలో కరిగిస్తే టన్నుకు ఉద్గారాలు దాదాపు 0.7 టన్నులే. కాబట్టి పాదముద్ర ఉక్కు వద్దని చెప్పే కొలత కాదు. ఏ ఉక్కు, ఎక్కడి ఖనిజంతో, ఏ కొలిమిలో, ఏ నీటితో అని అడిగించే కొలత.

అంకె ఎదురైనప్పుడు

ఐరోపా సమాఖ్య 2026 జనవరి 1 నుంచి దిగుమతి ఉక్కు మీద కార్బన్ ధర విధానాన్ని అమల్లోకి తెచ్చింది. స్టాక్ మార్కెట్‌లోని మొదటి వెయ్యి కంపెనీలు నీరు, ఇంధనం, ఉద్గారాల వివరాలు ప్రకటించాలని సెబీ నిబంధన ఉంది. అంకెలు ఇక వెల్లువెత్తుతాయి. వాటిని చదివేటప్పుడు నాలుగు ప్రశ్నలు సరిపోతాయి. గీత ఎక్కడ గీశారు, గని, రవాణా లోపల ఉన్నాయా బయటా? అది టన్నుకు సగటా, మొత్తమా? నీరైతే ఏ జలాశయానిది, ఏ నెలది? స్లాగ్ వంటి ఉప ఉత్పత్తుల మేలును ఎవరు రాసుకున్నారు?

సెబీ నివేదిక కంపెనీ మొత్తానికి వర్తిస్తుంది. సెయిల్‌కు భిలాయ్‌తో పాటు రూర్కెలా, దుర్గాపూర్, బొకారో, బర్న్‌పూర్ కర్మాగారాలున్నాయి. అన్నిటి సగటు వల్ల తాండులా కింద రైతుకు ఒరిగేదేమీ లేదు. అయితే కర్మాగారం వారీ లెక్క కొత్తగా కనిపెట్టాల్సినది కాదు. పర్యావరణ పరిరక్షణ నిబంధనల కింద ప్రతి పెద్ద పరిశ్రమా ఏటా సెప్టెంబరు 30లోగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఫారం 5 సమర్పించాలి. యూనిట్ ఉత్పత్తికి ఎంత నీరు, ఎంత ముడిసరుకు ఖర్చైందన్నది అందులో ఉండే మొదటి వివరాల్లో ఒకటి. 1990ల నుంచీ అమల్లో ఉన్న నిబంధన ఇది. ఆ ఫారాలు ఫైళ్లలో ఉండిపోకుండా హిందీలోనో గోండీలోనో స్థానికులు చదవగలిగే రూపంలో, జలాశయం మట్టం వివరాలతో కలిపి ఏటా పంచాయతీలకు చేరితే, పాదముద్ర పరిశోధకుల పత్రాల నుంచి బాలోద్ గ్రామసభల్లోకి వస్తుంది. వచ్చే కరువులో నీరు ముందు ఎవరికన్న చర్చ అప్పుడు ఊహల మీద కాకుండా లెక్కల మీద జరుగుతుంది.